మెడ మీది శాలువా

కరోనా తగ్గిన మరుసటి ఏడు నన్ను శంషాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో వెన్నెముక వార్డుకు మార్చారు. ఆయమ్మ పని. మా ఆయన పోయాక పట్టుకున్నాను, మోకాళ్లు అరిగేదాకా చేశాను. పక్కలు సర్దడం, పేషెంటును కనిపెట్టి ఉండటం మా వంతు. మందూ సూదీ సిస్టర్లవి.

మెడను ముందు నుంచి కోసి ఎముక సరిచేసే ఆపరేషన్లు అక్కడ ఎక్కువ. తర్వాత లోపల నెత్తురు గడ్డకడితే ఊపిరి గొట్టం నొక్కుకుపోతుంది. అందుకే మెడ మీద గుడ్డ ఉండొద్దని, గొంతు మారినా ఉమ్మి మింగలేకపోయినా వెంటనే పిలవమని సునీత సిస్టర్ మాకు మరీ మరీ చెప్పేది. కుట్లు విప్పే సామాను మంచం పక్కనే ఉండేది.

మామిడిపల్లి యాదయ్య ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాడు. పొద్దున ఆపరేషనైంది. మధ్యాహ్నానికి వాళ్లమ్మ చెవులూ మెడా కలిపి శాలువా చుట్టేసింది.

"ఏసీ గాలి లోపలికి పోతది అక్కా, పచ్చి ఒళ్లు."

"నేనేమన్న బాలింతనా అమ్మా?" అన్నాడు యాదయ్య.

శాలువా తీసి కాళ్ల మీద కప్పాను. నేను అటు తిరగ్గానే మళ్లీ చుట్టేది. తీసీ తీసీ ప్రాణం విసిగింది.

సాయంత్రం పోతే మళ్లీ అంతే. "జర సప్పుడు చెయ్యకు, ఇప్పుడే పండుకున్నడు" అంది. పడుకోలేదు. లేచి కూర్చోవాలని మోచేతులు ఊనుతున్నాడు.

"ఏం బాలింతా, ఎట్లున్నవ్?" అన్నాను. నోరు తెరిస్తే ఈల లాంటి ఊపిరి తప్ప మాట రాలేదు. పెదవి కొస నుంచి ఉమ్మి కారుతోంది. శాలువా లాగితే పట్టీ పక్కన మెడ ఉబ్బి, బిగిసి ఉంది.

కేకేశాను. సిస్టర్ వస్తూనే తలవైపు మంచం ఎత్తి, ఆక్సిజన్ పెట్టి, డాక్టర్లను పిలిచింది. సర్జన్ అక్కడికక్కడే కుట్లు విప్పి నల్లటి గడ్డలు తీశారు. ఈల వేస్తున్న ఊపిరి కాస్త తెరిపిన పడింది. మత్తు డాక్టరు గొంతులోకి గొట్టం వేశాక థియేటర్‌కు తోసుకుపోయాం.

"నా కొడుకును నేనే సంపుకుంటుంటినా అక్కా?" అని ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"శాలువాతోని నెత్తురు రాలే. కనబడనియ్యలే, గంతే" అన్నాను.

గొట్టం తీశాక యాదయ్య బొంగురు గొంతుతో అన్న మొదటి మాట, "అమ్మా, ఇగ కాళ్లకు కప్పు."

ఆ తర్వాత ఏ పేషెంటు దగ్గరా శాలువా తీసేసి ఊరుకోలేదు. ఇంటివాళ్లను మెడ కనబడేటట్టు ఎదురుగా కూర్చోబెట్టి, మాట్లాడిస్తూ ఉండమనేదాన్ని. ఉత్తగా వద్దంటే తల్లి చేతులు ఆగవు. వాటికి బదులు కళ్లకు పని చెప్పాలి.