ముహూర్తం చూసి కురిపించిన వాన

ఆ రోజుల్లో హైదరాబాదులో వాన ముందు మా కంప్యూటర్లో కురిసేది, తర్వాతే ఆకాశంలో. పంజాగుట్టలోని ఒక కన్సల్టెన్సీలో నాకది మొదటి ఉద్యోగం. గట్టివాన పడితే అమీర్‌పేట నాలాలోకి ఎంత నీరు చేరుతుందో మేం తేల్చాలి. గవ్వలు వేసినట్టు కంప్యూటర్ వేల ఉత్తుత్తి వానలు వేస్తుంది. వాటిలో ఎన్నిటికి నాలా పొంగిందో చూసి మేం గంభీరంగా ‘అవకాశం’ చెబుతాం. (మా అమ్మ దీన్ని సోది చెప్పడమనేది. నేను కోప్పడేదాన్ని.) గవ్వల్లాగే ప్రతిసారీ అంకె కాస్త మారుతుంది. అదే మా సార్‌కు వరమైంది. నాలా వెడల్పు ముందే ఖరారైపోయింది కాబట్టి, వరదే దానికి తగ్గట్టు సర్దుకోవాలని ఆయన పట్టుదల. కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, వర్జ్యం, రాహుకాలం చూడనిదే బటన్ నొక్కనిచ్చేవారు కాదు. చెడు ఘడియలో వచ్చిన వరద చెల్లదు, మళ్లీ నడపాలి. చాటుగా ఆయన్ని ముహూర్తం సార్ అనుకునేవాళ్లం. ఒక శుక్రవారం అమృతఘడియల్లో, నాలాలో సరిగ్గా పట్టేంత వరద వచ్చింది. ఆఫీసంతా స్వీట్లు పంచారు.

చిక్కేమిటంటే, ఆ నాలా పక్కనే మా హాస్టల్, అందులోనూ నాది కింది గది. సాయంత్రం హాస్టల్ నడిపే అక్కకు ఒక స్వీటిచ్చి సంగతి చెప్పాను. చెప్పిన వెంటనే గదిలోకి వెళ్లి నా సూట్‌కేసు అల్మారా మీదికి ఎక్కించాను. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. మా మెస్సు బియ్యం బస్తాలన్నీ నా పక్క గదిలోనే, నేలమీదే ఉన్నాయి. అవి తడిస్తే ఆమెకు నష్టం, మా అందరికీ పస్తు.

“నాలా పొంగదని మీ ఆఫీసుల తేల్చిన్రంటివి. మరి నీ సూట్‌కేస్ గంత పైకెందుకు ఎక్కింది బిడ్డా?”

నాకు భలే సిగ్గేసింది.

“పొంగుతదని చెప్పలేను అక్కా, పొంగదని సుత చెప్పలేను. బస్తాలైతే పైకి ఎక్కియ్యి,” అన్నాను.

సోమవారం అన్ని ఘడియల వరదలూ కలిపి రిపోర్టు రాసిచ్చాను. మంచి ఘడియలో వచ్చిన అంకె ఉండగా ఇవన్నీ ఏంటమ్మా అన్నారు సార్. నేను కింది గదిలో ఉంటున్నానండీ అన్నాను. ఆయన జాలిగా చూసి, నా పేజీలు తీసేసి, అమృతఘడియల వరదనే పంపారు. దానికి పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది.

శ్రావణంలో అసలు వాన కురిసింది, ఏ ఘడియా అడక్కుండా. నా గదిలో మోకాలి లోతు నీళ్లు. మేడమీద మాత్రం తడవని బియ్యంతో అన్నం ఉడికింది. అక్క, నేను అడగకుండానే, నా కంచంలో ఇంకో గరిటె వేసింది.

ఇప్పుడు సంతకాలు పెట్టే కుర్చీలో నేనే ఉన్నాను. నా రిపోర్టులు చాలానే ఆమోదం పొందుతున్నాయి. ఒక్కదానికీ ఎవరూ మారు వడ్డించలేదు. ఆనాడు మెట్ల మీద కూర్చుని ఆ అన్నం తిన్న పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది.