ఆదివారం మాత్రమే వాచే కాలు

ఆ రోజు మిషను మీద మా చిన్నమ్మాయి గౌనుకు చేతులు కుడుతున్నాను. డెబ్బైల చివర, డిసెంబరు నెల. రాజోలు దగ్గర మా ఊళ్ళో క్రిస్మస్ ముందు మిషను ఉన్న ఏ ఇంట్లోనూ తీరిక ఉండదు. ఉన్నట్టుండి ఒంట్లో వణుకు పుట్టింది. చలిగాలి అనుకుని తలుపు వేశాను. తలుపు వేసినా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. కాసేపటికి ఒళ్ళు కాలిపోయింది. ఎడమ గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ కట్టింది. దాని నుంచి మోకాలి వైపు తొడ మీద ఎర్రటి చార ఒకటి దిగింది. నొప్పి సంగతి తర్వాత, ముందు నాకు ఆ చారను చూస్తే ఆశ్చర్యం వేసింది. లోపల కూర్చుని ఎవరో గీత గీసినట్టుంది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా నాన్నగారు ఇంట్లోనే బైబిలు ముందు పెట్టుకుని నాకు చదువు నేర్పారు. ప్రతి వాక్యానికీ "ఎందుకండీ?" అని అడిగేదాన్ని. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆ అడిగే అలవాటు జబ్బులోనూ నన్ను వదల్లేదు. అది ఆయన నాకిచ్చిన ఆస్తి అనుకుంటాను.

జ్వరం నాలుగైదు రోజుల్లో తగ్గింది. పాదం మీద కొంచెం వాపు మాత్రం మిగిలింది. మా అత్తగారు కరుణమ్మ గారు చూసి తేలిగ్గా తీసేశారు.

"ఈ లంకల్లో ఇది మామూలేనమ్మాయ్. ఒకళ్ళకి కాలు, ఒకళ్ళకి చెయ్యి. చీర కాస్త కిందికి కట్టుకో, సరిపోద్ది."

మా ఆయన ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆయన ఊరుకోలేదు. బోదకాలు పరీక్షలు చేసే ఫైలేరియా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి వేలు పొడిచి, గాజు ముక్క మీద రక్తం చుక్క తీసుకున్నారు. అదీ ఊరంతా పడుకునే వేళకు.

"పగలు తీస్తే ఏమండీ?" అని అడిగాను.

"పగలు ఆ పురుగులు పైకి రావండి. లోపల దాక్కుంటాయి. నైట్ బ్లడ్‌లోనే దొరుకుతాయండి."

నా ఒంట్లో చీకట్లో ఉన్న పురుగుకు బయట పొద్దుపోయిందని ఎలా తెలుస్తుంది? పని చేసుకుంటూ చాలా రోజులు ఇదే ఆలోచించాను. ఇప్పటికీ నాకు తెలియదు. రక్తంలో పురుగులు ఉన్నాయని కబురొచ్చింది. వాటిని చంపడానికి డి.ఇ.సి. మాత్రలు ఇచ్చారు. మింగితే కళ్ళు తిరిగేవి, అయినా మానకుండా మింగాను.

మాత్రలు అయిపోయినా చలిజ్వరం ఏడాదికి రెండు మూడుసార్లు వస్తూనే ఉండేది. వచ్చిన ప్రతిసారీ కాలిని కాస్త లావు చేసి పోయేది. మొదట్లో తెల్లారేసరికి తగ్గే వాపు తర్వాత తర్వాత తగ్గడం మానేసింది. వేలితో నొక్కితే పడే గుంట కూడా పడటం మానేసింది. చెప్పు పట్టలేదు. మిషను తొక్కుతుంటే ఆ కాలు నాది కానట్టు, ఏదో మూటను పైకీ కిందికీ ఎత్తి దింపుతున్నట్టు ఉండేది. మిషను మానేస్తే ఇల్లు గడవదని కాదు. కానీ నా చేతికి వచ్చిన పని అదొక్కటే.

ఎనభైల్లో మా ఆయన తోటి టీచరు ఒకరు చెబితే కాకినాడలో ఒక సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కాలిని చాలాసేపు చూశారు.

"పురుగులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయమ్మా. ఒంట్లో ఊరే నీటిని పైకి తీసుకుపోయే లింఫ్ దారుల్ని అవి పాడుచేశాయి, ఆ దారులు మాత్రం బాగుపడవు. నీరు నిలవ ఉండి ఉండి లోపల గట్టిపడిపోయింది. ఆ గట్టిపడ్డది, కొవ్వుతో సహా తీసేస్తాను. తొడ మీద చర్మం తెచ్చి గ్రాఫ్ట్ వేస్తాను."

"దాంతో పూర్తిగా నయమవుతుందాండీ?"

"లేదమ్మా. ఇన్నాళ్ళూ చేరింది మాత్రమే నేను తీయగలను. ఇకముందు చేరకుండా చూసేది నేను కాదు, స్టాకింగ్."

ఆ మాట అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఆపరేషన్ తర్వాత చాలా రోజులు కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోబెట్టారు. కట్టు మార్చిన రోజుల్లో నేను అరవకుండా ఉండాలని ఒక సిస్టర్ నా చేత కీర్తనలు పాడించేవారు. ఆవిడది ఏ ఊరో అడగడం మరిచాను, ప్రార్థనలో మాత్రం మరవను. గ్రాఫ్ట్ పట్టుకున్నాక వేళ్ళ దగ్గర నుంచి మోకాలి దాకా క్రేప్ బ్యాండేజ్ చుట్టేవారు. ఆ తర్వాత కాలు కొలతలు మద్రాసు పంపించి ఎలాస్టిక్ స్టాకింగ్ తెప్పించారు.

పొట్లం విప్పి చూసి మా ఆయన నవ్వారు. "ఇది మన చిన్నదానికైనా పడుతుందంటావా?"

నిజంగానే అంత చిన్నది. గోధుమ రంగు, ముతక నేత, లాగితే సాగి మళ్ళీ ముడుచుకునేది. సిస్టర్ వేసే పద్ధతి చూపించారు. మడమ దాకా లోపలిది బయటికి తిప్పి పాదం దూర్చాలి, తర్వాత కొంచెం కొంచెంగా పైకి లాక్కోవాలి, ఎక్కడా మడత పడకూడదు. మొదటిసారి వేసేసరికి ఇద్దరికీ చెమట పట్టింది.

"పొద్దున్నే మంచం దిగకముందే వేసుకోవాలి. దిగేరంటే నీరు దిగడం మొదలెట్టేసినట్టే. మళ్ళీ పడుకునే ముందే తీయాలండి."

డాక్టరు గారు డిశ్చార్జి చేస్తూ గట్టిగా చెప్పారు. "మొదటి ఏడాదే ముఖ్యం. మళ్ళీ నిండితే గ్రాఫ్ట్ పగులుతుంది. పగిలిన చోట ఇన్ఫెక్షన్ చేరితే నేను ఇంకోసారి చేయగలిగింది ఉండదు. కాలే తీసెయ్యాల్సి రావచ్చు."

భయం వేసింది. కానీ అడగకుండా ఉండలేకపోయాను. "బయట బిగిస్తే లోపలి నీరు పైకి ఎలా పోతుందండీ?"

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "నడిస్తే పిక్క బిగుసుకుంటుంది కదా. చుట్టూ ఏమీ లేకపోతే ఆ ఒత్తిడి పక్కలకి పోతుంది. చుట్టూ బిగువు ఉంటే పైకి తోస్తుంది. మీ కాలవలకి గట్లెందుకమ్మా? గట్టు లేకపోతే నీరు చేలల్లో పడుతుంది."

ఇంటికి వచ్చే బస్సులో కాలవ కనబడినప్పుడల్లా నా కాలు చూసుకున్నాను.

వేసవిలో ఆ స్టాకింగ్‌తో ఉండటం తేలిక కాదు. ఉక్కకు లోపల దురద. మోకాలి వెనక ఒరిపిడి. కొత్త చర్మం ఎండిపోతే మా అత్తగారు కొబ్బరినూనె రాయమన్నారు, పగలు రాసి పైన స్టాకింగ్ వేసేశాను. నూనె తగిలిన చోటల్లా రబ్బరు సాగిపోయి వదులైంది. ఇంకోటి తెప్పించుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి నూనె రాత్రికే, పొద్దున తడిగుడ్డతో తుడిచి ఆరాకే స్టాకింగ్. ఉతికితే నీడనే ఆరబెట్టేదాన్ని.

కాలు నిండుతోందో లేదో కంటికి తెలియదు. అందుకని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే చీలమండ చుట్టూ పురికొస తిప్పి, కొసలు కలిసిన చోటికి కత్తిరించి ఉంచుకున్నాను. రాత్రి స్టాకింగ్ తీయగానే ఆ పురికొస చుట్టి చూసేదాన్ని. కొసలు కలిస్తే స్తోత్రం చెప్పుకుని పడుకునేదాన్ని. రోజూ కలిసేవి.

ఆదివారం కలవలేదు. వేలి వెడల్పున ఎడం వచ్చింది. సోమవారం సగం తగ్గింది, మంగళవారానికి మామూలైంది. మళ్ళీ ఆదివారం అదే వరస.

"వారమంతా మిషను తొక్కుతావు, ఏమీ అవదు. దేవుడి దినం కూర్చుంటే వాస్తుందా?" అన్నారు మా అత్తగారు. "ఆ పురికొసకేదో పట్టింది."

మా ఆయన ఆదివారం వండే ఎండుచేపల మీద పెట్టారు. "ఉప్పుకి నీరు చేరుద్ది. అది మానేసి చూడు." మానేశాను. ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుని పప్పన్నం తిన్నారు. కొసలు కలవలేదు. మరుసటి ఆదివారం చేపలు తిరిగి వచ్చాయి.

తర్వాత నాకు మిషను మీద అనుమానం వచ్చింది. తొక్కుతుంటే పిక్క ఆడుతుంది, ఆదివారం తొక్కను కాబట్టి నీరు దిగుతోందేమో. ఒక బుధవారం మిషను ముట్టుకోకుండా మామూలు పనులే చేసుకున్నాను. రాత్రి కొసలు చక్కగా కలిశాయి. అదీ కాదు. మరి ఆదివారంలో ఏముంది?

ఆ ఆదివారం చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అలవాటుగా వంగి స్టాకింగ్ కిందికి చుట్టుకుంటున్నాను. అప్పుడు చూశాను నా చేతుల్ని. మొదటి ఆదివారమే మా అత్తగారు అక్కడ ఆపి, "అది కూడా విప్పమ్మాయ్. గుడిలోకి మేజోళ్ళేసుకొచ్చేస్తారా ఎవరైనా?" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. చెప్పులతోపాటు అదీ విప్పి సంచిలో పెట్టుకుని, చాప మీద కాళ్ళు మడుచుకుని కూర్చునేదాన్ని. పాటలు, వాక్యం, ప్రభువు బల్ల, స్త్రీల ప్రార్థన అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటేది. అన్నం తిని మళ్ళీ వేసుకునేదాన్ని. గట్టు తెంపేసి అంతసేపు కూర్చుంటే నీరు ఏం చేస్తుంది?

కారణం దొరికినందుకు ఒక్క క్షణం సంతోషం వేసింది. మరుక్షణం ఇంకో ప్రశ్న వచ్చింది. అంటే నా కాలు పాడవుతున్నది దేవుని సన్నిధిలో కూర్చోవడం వల్లనా?

తర్వాతి ఆదివారం ఇంట్లో ఉండిపోయాను. రాత్రి కొసలు కలిశాయి. కలిసినందుకు ఏడుపు వచ్చింది. ఆ మరుసటి వారం కూడా వెళ్ళలేదు. మా అత్తగారు బైబిలు చంకలో పెట్టుకుని గడప దాటుతూ, "కాలిచ్చిన దేవుడి దగ్గరికి కాలు కోసం ఎళ్ళవా?" అని వెళ్ళిపోయారు. ఆ మాట మిషను చప్పుడు ఎంత చేసినా చెవిలోంచి పోలేదు.

ఆ వారం పాస్టరు గారు ఇంటికి వచ్చారు.

"వందనాలండి అయ్యగారూ."

"వందనాలమ్మా సుగుణమ్మా. రెండు వారాలై కనబడట్లేదు. మళ్ళీ జ్వరమా?"

జరిగినదంతా చెప్పాను. పురికొస కూడా చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు మీది కళ్ళజోడు తీసి పట్టుకున్నారు.

"ఇది కూడా కొట్లో కొన్నదేనమ్మా. గుమ్మంలో పెట్టి లోపలికొస్తే వాక్యం ఎవరు చదువుతారు?"

మంచం మీద నుంచి మా అత్తగారు అందుకున్నారు. "కళ్ళజోడు కాలికి తొడగరు గదండీ."

"ఆయ్, అదీ నిజమే." ఆయనకు నవ్వు ఆగలేదు. "అయితే కరుణమ్మగారూ, చెప్పు విప్పేది మట్టి ఉంటాదనే కదండీ? ఆ మట్టి చెప్పుతోనే బయట ఉండిపోయింది. లోపలిది కట్టు. కట్టు విప్పి రమ్మని మనం ఏ రోగికీ చెప్పలేదు గదండీ." తర్వాత నా వైపు తిరిగి, "కాళ్ళు మడిచి కూర్చోకమ్మా. మగవాళ్ళ వైపు గోడవార బెంచీ ఒకటుంది. ఇటు వేయిస్తాను. కూర్చుని కాలు చాపుకో" అన్నారు.

ఇంత చిన్న మాట అడగడానికి నేను రెండు ఆదివారాలు ఇంట్లో ఉండిపోయాను.

బెంచీ ఎక్కడం మాత్రం అంత సులువు కాలేదు. ఆడవాళ్ళందరూ, ముసలివాళ్ళతో సహా, చాప మీద ఉంటే నేనొక్కదాన్నే ఎత్తులో, గోధుమ రంగు కాలు చాపుకుని. "రాణీగారొచ్చేరండోయ్, జరగండి" అని ఎవరో అంటే నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను, కానీ తలెత్తలేదు. మా అత్తగారు ముందు వరసలో కూర్చుని ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. ఆ రాత్రి కొసలు కలిశాయి. చాలాసేపు మోకాళ్ళ మీద ఉండాలనిపించింది, కాలు గుర్తొచ్చి మంచం మీద పడుకుని ప్రార్థన చేసుకున్నాను.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం పాట మధ్యలో ముందు వరసలో మా అత్తగారు లేచారు. నేల మీద చెయ్యి ఆనించి, మెల్లగా. వెనక్కి నడిచి వచ్చి బెంచీ పక్కన నిలబడ్డారు.

"కాస్త జరుగు."

జరిగాను. ఆవిడ కూర్చుని, ఎప్పుడూ నేల తుడిచేలా ఉండే చీర అంచును కొంచెం పైకి లాక్కుని, కాలు నా కాలి పక్కన చాపారు. చీలమండ కనబడలేదు. పాదం మీదికి వాపు మడత పడి ఉంది. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు ఉండి నేను ఆ కాలు చూడలేదు.

"ఎప్పటి నుంచండీ అత్తయ్యగారూ?"

"ముందు పాట పాడు" అన్నారు.

పాడాను. కళ్ళనీళ్ళతో ఏ చరణం పాడానో నాకే తెలియదు.

ఆవిడ వయసుకు ఆపరేషన్ వద్దన్నారు డాక్టరు గారు. క్రేప్ బ్యాండేజ్ చాలన్నారు. రోజూ పొద్దున్నే మంచం మీదే నేను చుడతాను. "బిగించి కట్టు, ఊరికే తడమకు" అని గదమాయిస్తారు. ఇప్పుడు ఎనభైలు అయిపోవస్తున్నాయి. నా గ్రాఫ్ట్ పగలలేదు. మిషను తొక్కుతున్నాను. చలిజ్వరం పూర్తిగా మానిందని చెప్పను, కానీ వచ్చినా ఇదివరకటంత కాలిని లావు చేసి పోవడం లేదు. చర్చిలో ఆడవాళ్ళ వైపు రెండో బెంచీ వేశారు. ఆలస్యంగా వెళ్తే చోటు దొరకదు. ఇంతమందికి కాళ్ళు వాస్తున్నాయని బెంచీ రాకముందు మాకెవరికీ తెలియదు.

చదివే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు గారు ఇచ్చిన స్టాకింగయినా, బ్యాండేజయినా మంచం దిగకముందు వేసుకుని, పడుకునేదాకా ఉంచుకోండి. గుడైనా, పెళ్ళైనా, చావు ఇల్లైనా, విప్పాలేమో అని మొహమాటం వేస్తే, విప్పే ముందు అక్కడి పెద్దల్ని ఒక్క మాట అడగండి. అడిగితే బెంచీ వేసేవాళ్ళు ఉంటారు.