పెద్దమ్మ నేర్పుతానన్న పని

జర్మనీలోని హానోవర్‌లో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. రంజాన్‌లో ఇఫ్తార్‌కు హాలు అద్దెకు తీసుకోవాల్సి వస్తోంది. మేం వచ్చిన కొత్తలో ఐదే ఇళ్లు. మసీదులకు లోటు లేదు గానీ ఒకచోట ప్రసంగం టర్కీ భాషలో, ఇంకోచోట అరబీలో సాగేది. పిల్లలు గోడలకేసి చూస్తూ కూర్చునేవాళ్లు. అందుకని ప్రతి ఆదివారం మా ఇంటి హాల్లో వాళ్లకు తొలి ముస్లింల కథ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. గుంటూరులో పదేళ్లు టీచరుగా చేసినదాన్ని, నోరు ఊరుకోదు.

మక్కాలో మొదట పిడికెడు మంది. వాళ్లకు సరుకులు అమ్మకూడదని, వాళ్లతో వియ్యమందకూడదని ఊరు కట్టుబాటు పెడితే ఆకులు తిని బతికిన రోజులు. కొందరు సముద్రం దాటి ఒక క్రైస్తవ రాజు నీడకు చేరారు. చివరికి మదీనా వెళ్తే, అక్కడివాళ్లు వచ్చినవాళ్లను ఇంటికొకరిగా తీసుకుపోయి అన్నదమ్ముల్లా కలుపుకున్నారు. ఇదంతా నేను బాగా చెబుతానని నా నమ్మకం. పిల్లలు జర్మన్‌లో అడిగేవాళ్లు, నేను తెలుగులో జవాబిచ్చేదాన్ని. మదీనా దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే పెద్దదయ్యేది.

ఆ ఏడాది చలికాలంలో పెద్దమ్మ వచ్చింది. నాకు చుట్టం కాదు, అందరం అలా పిలిచేవాళ్లం. మా ఐదిళ్లవాళ్లలో అందరికన్నా చిన్నదైన అమ్మాయికి నెలలు నిండుతున్నాయని, పురుడు చూసుకోవడానికి వరంగల్ దగ్గరి పల్లె నుంచి మూడు నెలల వీసా మీద వచ్చిన తల్లి. మొదటి ఆదివారం వెనక గోడకు ఆనుకుని తస్బీ పూసలు తిప్పుతూ అంతా విన్నది. పిల్లలు బిస్కెట్ల మీద పడ్డాక నన్ను పిలిచింది.

"మంచిగనే చెప్తున్నవ్ బేటా. గని అన్నీ గెలిచినయే చెప్తున్నవ్. పోయినోళ్ల ముచ్చట చెప్పవా?"

"పిల్లలు భయపడతారు పెద్దమ్మా."

"పిల్లలా, నువ్వా?"

నవ్వేశాను గానీ ఒళ్లు మండింది. నా క్లాసులో నన్ను దిద్దడానికి ఈవిడెవరు అనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆమే చెప్పింది. మదీనాలో ప్రవక్త కూతురు చనిపోతే, ఊరి ఆడవాళ్లే ఆమెకు స్నానం చేయించారట. రేగాకు వేసిన నీళ్లు పోసి, ఆఖరిసారికి కర్పూరం కలిపి, జుట్టు మూడు పాయలుగా అల్లారట. ప్రవక్త తన నడుముకు చుట్టుకున్న బట్ట విప్పి ఇచ్చి, అది ఆమె ఒంటికి ఆనేలా ముందుగా చుట్టమన్నారట. పిల్లలెవరూ భయపడలేదు. ఒక పాప మాత్రం ఆ బట్ట ఏ రంగుదని అడిగింది. పెద్దమ్మకూ తెలియదు.

"మనోళ్లు పెరిగింది గిట్లనే," అంది పెద్దమ్మ మా ఆడవాళ్లవైపు తిరిగి. "ఒకరు పోతే ఇంకొకరొచ్చి కడిగిన్రు. మా ఊళ్ల ముప్పై ఏండ్లసంది ఆ పని నాదే. నేర్సుకోండ్రి, రెండు గంటల పని. ఇక్కడ మీకెవరున్నరు?"

సరే అన్నాం. అనుకున్న ఆదివారం ఒకరింట్లో పిల్లాడి పుట్టినరోజు వచ్చింది. ఆ పై వారం మంచు కురిసింది. మూడోసారి నేనే, ముందు డెలివరీ కానివ్వండి పెద్దమ్మా అన్నాను. అందరం ముప్పైల్లో ఉన్నవాళ్లం. మాలో ఎవరైనా చనిపోతారన్న ఊహే మాకు లేదు.

ఆడపిల్ల పుట్టింది. పద్దెనిమిదో రోజున పెద్దమ్మ మనవరాలికి నీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, కాటుక పెట్టి తల్లి చేతికిచ్చి, కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయింది. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. ఊళ్లో ఉన్న కొడుకులు ఫోన్‌లో, హానోవర్‌లోనే మట్టి చేయమన్నారు.

రెండో రోజు పొద్దున ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, రేపు అమ్మను కడగాలె. నేను బాలింతను, ముట్టద్దంటున్నరు. మీరొస్తరా?"

"రేపు కీటాలో టెర్మిన్ ఉందమ్మా," అన్నాను. కీటా అంటే ఇక్కడ పసిపిల్లల బడి, టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్.

టెర్మినూ లేదు, గిర్మినూ లేదు. భయం. మా నానమ్మ పోయినప్పుడు కూడా నేను వంటింట్లోంచి కదల్లేదు. ఎవరో ఒకరు చేస్తారులే అని మిగతా మూడిళ్లకూ ఫోన్ చేశాను. ఒకావిడకు డాక్టరు దగ్గర టెర్మిన్. ఒకావిడకు ఆఫీసులో టెర్మిన్. మూడో ఆవిడ ఇంటికి ఇంటర్నెట్ బాగుచేసే మనిషి వస్తాడట. అవన్నీ అబద్ధాలని వింటూనే తెలిసిపోయింది. కాసేపటి క్రితం నేను మాట్లాడిన గొంతూ అదే. తల కొట్టేసినట్టయింది. మదీనా గురించి అంత గొంతు చేసుకుని చెప్పిన మనిషిని నేనేనా అనిపించింది.

మళ్లీ ఫోన్ చేసి, "వస్తున్నానమ్మా. టెర్మిన్ లేదు, అబద్ధం చెప్పాను," అన్నాను.

"తెలుసక్కా," అంది ఆ అమ్మాయి.

కర్పూరం కోసం వెతికితే దుకాణంలో దొరకలేదు. మా పై అంతస్తులో ఉండే కరీంనగర్ అమ్మాయి దేవుడి గూట్లోంచి డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది హారతిదక్కా, నడుస్తదా?" అని సందేహంగా అడిగింది. నడుస్తుందన్నాను.

టర్కీవాళ్ల మసీదుకు ఫోన్ చేస్తే డెబ్బై దాటిన ఒక ముసలామెను పంపారు. భర్త ఫ్యాక్టరీ పనికి వస్తే అతని వెంట ఈ దేశం వచ్చిందట. తాము కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడ కడిగేవాళ్లూ లేరు, పూడ్చే చోటూ లేదు, శవాలను విమానంలో ఊరికి పంపేవాళ్లమని వచ్చీరాని జర్మన్‌లో చెప్పింది. అంత్యక్రియల సంస్థవాళ్ల గదిలో నా చేతులకు తనే గ్లవుజులు తొడిగింది. దుప్పటి తీయకుండానే, దాని కిందనుంచి ఎలా కడగాలో చూపించింది. నమాజుకు ముందు చేసే వుజూలాగే ముఖం, చేతులు, కాళ్లు కడిగించి, ఒకసారి తను నీళ్లు పోసి, మగ్గు నాకిచ్చి పక్కకు జరిగింది.

మొదటి మగ్గు సగం పక్కకే పోసేశాను. పెద్దమ్మ కుడిచేతి వేలి గోటిలో మనవరాలికి పెట్టిన కాటుక ఇంకా ఉంది. అది పోయేదాకా మెల్లగా రుద్దాను. రెండు గంటల పని అంది. ఆమె ఉండగా నేర్చుకుని ఉంటే ఈ రోజు ఆమె ఒంటి మీద ఇంత తడబడేదాన్ని కాదు. క్షమించు పెద్దమ్మా అని పైకే అన్నాను. ముసలామెకు మాట తెలియకపోయినా విషయం అర్థమైనట్టుంది, నా వీపు నిమిరింది.

తలుపు అవతల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి గొంతు వినిపించింది.

"అక్కా, నీళ్లు వెచ్చగున్నయా? అమ్మకు సల్లనీళ్లు పడవు."

గ్లవుజు తీసి బకెట్లో చెయ్యి పెట్టి చూశాను. చల్లబడిపోయాయి.

"ఉండమ్మా, కలుపుతున్నా," అని ఆ నీళ్లు పారబోసి, కుళాయి వేడివైపు తిప్పి, వెచ్చబడేదాకా ఆగాను. అప్పుడు మళ్లీ పెద్దమ్మ కుడిభుజం మీది నుంచి పోయడం మొదలుపెట్టాను.