గేటు నుంచి పదకొండు అంగలు

భవానీపురంలో ఇమామ్ యంత్రం భుజానేసుకుని కనిపిస్తే చాలు, మా వీధివాళ్లు పొయ్యి మీద పాలు కూడా వదిలేసి బయటికొస్తారు. పొడుగాటి కడ్డీ, దాని కింద పళ్లెం లాంటి చక్రం. నేలలో లోహం ఉంటే కూతపెడుతుంది. అది వచ్చిన అట్టపెట్టె మీద బంగారు నాణేల బిందె బొమ్మ ఉండటంతో ఇతగాడు నిధులు వెతుకుతున్నాడని అందరికీ అనుమానం. నిజానికి ఇమామ్ మున్సిపాలిటీలో నీళ్ల పని చేస్తాడు. కొత్త రోడ్డు వేసినప్పుడల్లా పాత వాల్వుల మూతలు దాని కింద కప్పబడిపోతాయి. వాటిని పట్టుకోవడానికే జీతంలో మిగిల్చి దాన్ని కొనుక్కున్నాడు.

"మూడేళ్లయింది, ముక్కుపుడకైనా దొరికిందా?" అని భార్య సల్మా దెప్పుతుంది.

"ఇరవయ్యారు వాల్వులు దొరికినయ్," అంటాడు ఇమామ్, ఎంతో గొప్పగా.

యంత్రం ఒక్కటే చాలదు. సీసా మూతకీ, తుప్పు మేకుకీ కూడా అది ఒకేలా కూస్తుంది. ఎక్కడ వెతకాలో చెప్పేది, ఇమామ్ కంటే ముందు ఆ పనిచేసి రిటైరైన శౌరయ్య రాసిచ్చిన నోటుపుస్తకం. అందులో పటాలేమీ ఉండవు. ఫలానావారి గేటు నుంచి ఇటువైపు ఇన్ని అంగలు, అంతే.

మొన్న శ్రావణంలో ఒక మంగళవారం పొద్దున్నే, కేబుల్ కోసం వీధి తవ్వుతున్న జేసీబీ నీళ్ల గొట్టాన్ని చీల్చేసింది. నీళ్లు మనిషెత్తున లేచి, పల్లంలో ఉన్న, జాకెట్లకి జరీ పని చేసే నఫీసా కొట్టు వైపు పరుగెత్తాయి. రోడ్డు పెరిగీ పెరిగీ ఆ గదిలోకి ఇప్పుడు మూడు మెట్లు దిగాలి. లోపల మోకాలెత్తున మగ్గం. దాని చెక్క చట్రానికి బిగించిన పెళ్లి జాకెట్టు గుడ్డ మీద నెల్లాళ్ల జరీ పని. గురువారం మంగళగిరిలో పెళ్లి. చట్రం విప్పకుండా గుమ్మం దాటదు, విప్పితే కుట్టు చెడిపోతుంది.

"ఇమామన్నా, బురద తగిలితే జరీ నల్లబడిపోద్ది! తొందరగా కట్టెయ్యన్నా!" అని నఫీసా లోపల్నుంచి అరుస్తోంది. చట్రం కాళ్ల కింద ఇటుకలు పెడుతోంది.

"ట్యాంకు దగ్గర కట్టేశారు గానీ, గొట్టంలో ఉన్నది దిగాలంటే గంట పడుద్ది. ఈ వీధి వాల్వే దొరకాల," అంటూ ఇమామ్ మా గేటు నుంచి అంగలు వేశాడు. పదకొండు. యంత్రం కూసింది. గునపం వేస్తే బోల్టు వచ్చింది. జానెడు పక్కన మళ్లీ కూత. ఈసారి గుర్రపు నాడా.

ఎదురింటి మేడ మీద అద్దెకుండే రామకోటేశ్వరరావుగారు కేకేశారు. "ఇమామూ, బిందె బయటపడితే వీధికి వాటా ఉండాలయ్యోయ్!"

"మీ వాటా కింద ఈ గునపం పట్టుకోండి సార్, ముందు కిందికి రండి!"

ఆయన నిజంగానే దిగి వచ్చారు. నఫీసా గదిలో అడుగు మెట్టు మునిగింది.

ఇమామ్ మళ్లీ మా గేటు దగ్గరికొచ్చి పుస్తకం పైకి చదివాడు. "లెక్చరర్ గారి గేటు నుంచి తూర్పుకి పదకొండు. శౌరయ్యగారు తప్పు రాయరే!"

ఆ లెక్చరర్‌ని నేనే. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. రామకోటేశ్వరరావుగారు వాస్తు కోసం పొయ్యి మార్చుకుంటే అందరిముందూ నవ్వినవాణ్ణి. అలాంటి నేను నాలుగేళ్ల క్రితం, బీపీ ఎంతకీ దిగకపోతే, వాస్తు ఆయన మాట విని పడమటి చివరనున్న గేటుని ఈశాన్యానికి మార్పించాను. ఇమామ్‌తో సహా ఇప్పుడు వీధిలో ఉన్నవాళ్లంతా ఆ తర్వాత వచ్చినవాళ్లే. చెబితే పరువు పోతుంది. పైగా మనసులోనే లెక్కవేశాను. పాత గేటు నుంచి పదకొండు అంగలంటే, కొత్త గేటు ముందు రోడ్డు మీదికి జరిపి కట్టిన మా గ్రానైటు ర్యాంపు.

రెండో మెట్టు మునిగేదాకా నేను నోరు తెరవలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

"అన్నా, ఇటుకలు అయిపోయినయ్!" అంది నఫీసా. ఈసారి అరవలేదు. ఏడుపు గొంతు.

"ఇమామ్, ఆ గేటు కాదు! పాతది అదిగో, ఆ గోడ చివర ఉండేది!" అని అరిచాను.

"మార్చారా? ఎందుకు?" అన్నారు రామకోటేశ్వరరావుగారు.

"వాస్తుకండీ!"

నవ్వడానికి ఎవరికీ తీరిక లేదు. ఇమామ్ గోడ చివరికి పరుగెత్తి లెక్కపెట్టుకుంటూ వచ్చి ర్యాంపు మీద ఆగాడు. చక్రం ఆనించగానే ఆగకుండా కూత. తలెత్తి నావైపు చూశాడు.

"పగలగొట్టవయ్యా!"

గ్రానైటు, సిమెంటు, కంకర, దాని కింద ఇనప మూత. లోపల తుప్పుపట్టిన వాల్వుకి దాన్ని తిప్పే పొడుగాటి ఇనప తాళంచెవి తగిలించి ఇమామ్ వేలాడాడు. కదల్లేదు. రామకోటేశ్వరరావుగారూ నేనూ చెరోవైపూ పట్టాం. మూడో మెట్టూ మునిగింది. ఎక్కడో కిర్రుమంది. పావు చుట్టు, అర చుట్టు. రోడ్డు మీద లేచిన నీళ్లు మెల్లగా కుంగిపోయాయి.

ఇమామ్ నఫీసా కొట్టు గుమ్మం దగ్గరికెళ్లి ఆగిపోయాడు. లోపల ఇటుకలు కనబడటం లేదు. చట్రం నీళ్ల మీద తేలుతున్నట్టుంది.

"తడిసిందా అమ్మా?"

నఫీసా గుడ్డ అడుగున అరచెయ్యి పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపింది.

"పొడిగానే ఉందన్నా. వేలెడు ఖాళీ ఉంది."

ఇమామ్ అక్కడే నీళ్లలో, మెట్టు మీద కూలబడ్డాడు. నేను నీళ్లు తోడదామని బకెట్టు పట్టుకుని లోపలికి కాలెత్తాను.

"అడుగు వెయ్యకండి సార్! అల లేస్తది!" అని అరిచింది నఫీసా.

ఎత్తిన కాలు దించకుండా అలాగే నిలబడిపోయాను.