వలల పాకలో ఉష వైద్యం

ఉష రెండేళ్లు తీరమంతా తిరిగి చేసిన పరిశోధన అచ్చయినప్పుడు దాని మీద ప్రొఫెసర్ గారి పేరు ఒక్కటే ఉంది. చివరి పేజీలో, జీపు నడిపిన మనిషి పేరు కింద, 'సమాచార సేకరణలో సాయం: ఉష, మైపాడు' అని వేశారు. ఆమె ఆ పత్రిక మడిచి సంచిలో పెట్టుకుని మైపాడు బస్సెక్కింది. ఇదేం అన్యాయమని అడిగినవాళ్లకు, "ముందు పేరమ్మక్క సంగతి చూడనీండి" అని మాత్రం చెప్పింది.

పేరమ్మ భర్త గంగులయ్య సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆనాటి నుంచి ఆమె చేపలమ్మడం మానేసింది. అలల చప్పుడుకే చెవులు మూసుకునేది. గాలి సోకిందన్నారు జనం.

సైకాలజీలో డాక్టరేట్ ఉన్న ఉష, ఆ ఊరి బిడ్డే అయినా, మొదట తప్పు చేసింది. తనకు పోస్టిచ్చిన సర్కారు ఆసుపత్రి గదిలో ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం చూస్తూ ప్రశ్నలడిగింది. మూడు వారాలు పేరమ్మ నోరు తెరవలేదు.

"చేతులు ఊరికినే ఉంటే నోరెట్లా కదులుద్దే?" అంది ఉష తల్లి.

నిజమే. ఇక్కడ బరువైన మాట ఎవరూ మొహం చూసి చెప్పరు. చిరిగిన వల మధ్యన వేసుకుని, తలొంచుకుని చెప్పుకుంటారు. ఉష పేరమ్మను తీసుకుని, వలలు బాగుచేసే పాకకు మారింది.

"ముడి జారిపోతుండాది. ఇంత చదివినావు, ఇదేం కుట్టడమే?" పేరమ్మ తొలిమాట అది.

"నువ్వు నేర్పు అక్కా."

నేర్పింది. రెండో నెలలో, వల మీద నుంచి కళ్లెత్తకుండా, "ఆ పొద్దు పోవద్దనాల్సింది. నేను అన్లేదు" అంది.

ఉష ఓదార్చలేదు. ముడి వేస్తూనే అడిగింది: "ఆ పొద్దు గాలెట్లా ఉండింది?"

"గాలేడుంది? నీళ్లు చెరువు మాదిరుండె." పేరమ్మ చెయ్యి ఆగింది. "మరి నేనెందుకంటాను, పోవద్దని?"

ఆ తర్వాత వారానికి కొన్ని అడుగుల చొప్పున ఇద్దరూ అలల వైపు నడిచారు. ఇప్పుడు తెల్లవారుజాము చేపల వేలంపాటలో పేరమ్మ గొంతే పెద్దది. ఆ పాకలో ఇవాళ పదకొండుమంది ఆడవాళ్లు ఉష దగ్గర కూర్చుంటున్నారు. వల కుడుతూ మనసు విప్పించే ఈ పద్ధతి మన తీరం బిడ్డ పట్టుకున్నది.

కానీ రిజిస్టరులో ఆసుపత్రి గదికి వచ్చినవాళ్లనే లెక్కేస్తారట. గది ఖాళీగా ఉందని నెలాఖరుకు ఉష పోస్టు తీసేస్తున్నారు. ఆమె దీన్నీ ఓర్చుకుంటుంది. మనం ఓర్చుకోకూడదు. పాకలో కూర్చున్నవాళ్లనూ లెక్కించమని కలెక్టర్‌కు ఒక ఉత్తరం రాయండి. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. వీలైనవాళ్లు నెల్లూరు రండి. అందరికంటే ముందు నిలబడతానంది పేరమ్మ. "నా పేరు రాయి, దాచేదేముండాది?" అని తనే నాతో చెప్పింది.