మా ఇంటాయన మీద పడిన నింద నాది

మా ఇంటాయన, గిద్దలూరు రైల్వే గేటు కాడ మెకానిక్ దానియేలు, పోయిన మంగళవారం పొద్దున ప్రభువునందు నిద్రించినాడు. దుకాణం షట్టరు ఎత్తినాడు, పానాల పెట్టె ముందర పెట్టుకున్నాడు, స్టూలు మీద కూచున్నాడు. నేను ఇంట్లోంచి కాఫీ తెచ్చేలోపల తల గోడకు ఆనించినాడు. "ఇదుగో, కాఫీ" అని అరిచినా. ఆయనకు చెవుడు గాబట్టి ఎప్పుడూ రెండుసార్లు అరుస్తా. ఆ పొద్దు నాలుగుసార్లు అరిచినా. ఎదురు టీకొట్టు వాళ్ళు ఉరికొచ్చినారు గానీ ఆయన పలకలేదు. నలభై ఏండ్ల కాపురం గ్లాసులో కాఫీ చల్లారేలోపల ముగిసిపోయింది. ఇది రాయించేటప్పటికి కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

సమాధి కాడ మట్టి వేసేటప్పుడు నా ఎనకాల ఒకాయన ఇంకొకాయనతో అన్నాడు: "మంచి మనిషే, చెయ్యి కూడా మంచిదే. చెవుడొచ్చినాక పని చెడిపాయ. గూడెం అయ్యవారి బండిని చంపింది ఈయనే గదా." ఆ మాట అన్నాయన చెడ్డోడు కాదు. ఊరంతా అనుకునే మాటే అన్నాడు. నేను తిరిగి చూడలేదు. ఆయన మంచితనం చెప్పేదానికి మన సంఘంలో చానామంది ఉండారు. ఆ బండి సంగతి చెప్పేదానికి మాత్రం నేనొక్కదాన్నే ఉండాను. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెప్తాంటే పాస్టరమ్మ రాస్తాంది. జ్ఞాపకార్థ కూడికలో పంచే ఈ కాయితంలో ఇది నా సాక్ష్యం అనుకోండి.

ఆయన అన్ని బండ్లూ చేసేటోడు గానీ గాలి పని, అంటే ఎయిర్ ఫిల్టర్ పని, ఆయనదే. కొండదారిన తిరిగే ఎత్తు చక్రాల మోటారుబండ్లు, టైర్లకు గుబ్బలుండేవి, అవన్నీ ఆయన కాడికే వచ్చేవి. "పెట్రోలు పోసేటప్పుడు అందరూ కండ్లు పెట్టి చూస్తారు. గాలి ఊరికే వస్తాది గదా, దాన్ని ఎవురూ చూడరు" అనేటోడు. నల్లమల దారిలో దుమ్ము మోకాలి లోతు. ఆ దుమ్మంతా ఫిల్టరులోని స్పాంజి ఆపాల. ఆపకుంటే ఇంజను లోపలికి పోయి ఇసక కాయితం మాదిరిగా గీకేస్తాది.

ఆ స్పాంజిలు కడిగేది నేను. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు. "పిండొద్దే, ఒత్తు. పిండితే నార తెగుతాది" అని పక్కనే నిలబడి చెప్పేటోడు. నీడలో ఆరబెట్టి, నూనె పట్టించి, మిగిలిన నూనె మళ్ళీ ఒత్తి తీసేయాల. ఒకసారి ఒక పిల్లోడు స్పాంజిని ముక్కలు ముక్కలుగా తెచ్చినాడు.

"ఎవురు కడిగినారు నాయనా దీన్ని?"

"నేనే పెద్దాయనా. పెట్రోలు పోసి కడిగినా, ఒక్క నిమిషంలో తళతళమనింది."

"నీ చొక్కా గూడా పెట్రోలు పోసే ఉతుకుతావా? మీ అమ్మతో చెప్పు, సబ్బు ఖర్చు మిగులుతాది."

నవ్వినాడు, నవ్వించినాడు, కొత్త స్పాంజి కోసి వేసి పంపినాడు.

ఇంకొక సంగతి చెప్పాల. ఫిల్టరు డబ్బా మూత తీస్తానే ఆ బండి ఎక్కడెక్కడ తిరిగిందో ఆయనకు తెలిసిపోయేది. మార్కాపురం పలకల గనుల దుమ్ము బూడిదమాదిరి, ముట్టుకుంటే జారతాది. ముండ్లమూరు పక్క నల్లరేగడి గడ్డలు కడతాది. కొండ దుమ్ము ఎర్రగా స్పాంజి అడుగుదాకా దిగతాది. ఒకరోజు ఒక మొగుడూ పెండ్లాం బండి తెచ్చినారు. "నెలరోజులుగా మార్కాపురం గనిలో పనిచేస్తాండాడు మా ఆయన" అని ఆమె గొప్పగా చెప్తాంది. ఈయన మూత తీసినాడు. లోపల ఒక్క చెంచాడు బూడిద దుమ్ము లేదు, అంతా ఎర్రది. ఆ మగమనిషి మొగం తెల్లబోయింది. మా ఇంటాయన ఆమె వైపు చూసి, "గని దుమ్ము చెడ్డదమ్మా, వారానికొకసారి కడగాల" అన్నాడు. ఆమె పోయినాక నేనడిగినా, ఎందుకట్ల అన్నావని. "ఫిల్టరు చెప్పే మాట మన కాడనే ఉండాల. ఆడ ఏమున్నాదో అతనికి తెలుసు, నాకు తెలుసు. చాలు" అన్నాడు. పది రోజులకు ఆ మనిషి ఒక్కడే వచ్చి ఆయన చేతులు పట్టుకొని పోయినాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

పదేండ్ల కింద ఆయనకు వినికిడి తగ్గడం మొదలైంది. ముందు సన్న చప్పుళ్ళు పోయినాయి. ఇంజను మోత గుండెకు తగిలేది గానీ ఈల మాత్రం తెలిసేది కాదు. ఫిల్టరుకూ కార్బరేటరుకూ నడమ ఒక రబ్బరు గొట్టం ఉంటాది. అది చీలితే దుమ్ముతో కూడిన గాలి స్పాంజిని తప్పించుకొని పక్కనుంచి దూరతాది. దాన్ని ఆయన దొంగగాలి అనేటోడు. దొంగగాలి దూరేటప్పుడు సన్నగా ఈల వేస్తాది. ఆ ఈల వినేది నేను. పని అయినాక డబ్బా మూతికి అరచెయ్యి అడ్డం పెట్టేటోడు. చెయ్యి పెడతానే ఇంజను ఊపిరాడక ఆగిపోవాల. ఆగకుంటే ఎక్కడో దొంగదారి ఉన్నట్టు. చిన్న చీలిక అయితే మటుకు చెయ్యికి సరిగ్గా తెలియదు. అందుకని మళ్ళీ స్టార్టు చేసి, ఆక్సిలేటరు పెంచి నా మొగం చూసేటోడు. "ఏమంటాంది?" అని అడిగేటోడు. నేను తల అడ్డంగా ఊపితే మళ్ళీ ఇప్పేటోడు. నా గొంతు ఇట్ల బొంగురుపోయింది ఆ పదేండ్లు ఆయనతో అరిచి మాట్లాడే. అయినా ఆ పని నాకిష్టం. బడి మొగం చూడనిదాన్ని, ఆయన పనిలో నా మాట మీద ఒక బండి నిలబడేది.

ఇప్పుడు అసలు సంగతి.

అడవి గూడెంలో పిల్లోళ్ళకు చదువు చెప్పే అయ్యవారు ఒకాయన ఉండాడు. ఆ రాళ్ళదారికి తట్టుకుంటాదని కొండబండి కొన్నాడు. పోయినేడు ఎండాకాలంలో దాన్ని సర్వీసుకు ఇచ్చినాడు. ఆ రోజే చంద్రశేఖరపురంలో మా చెల్లెలి కొత్తింటికి గృహప్రతిష్ఠ కూడిక. నేను చీర కట్టుకొని, సంచి పట్టుకొని బస్సుకు తయారుగా నిలబడినా. ఆయన బండి బిగించి చెయ్యి అడ్డం పెట్టినాడు. ఆగింది గానీ ఒక్క క్షణం ఆలస్యంగా ఆగింది. ఆయన మొగం ముడుచుకున్నాడు. మళ్ళీ స్టార్టు చేసి ఆక్సిలేటరు పెంచినాడు.

"ఏమంటాంది?"

నాకు వినబడింది. సన్నంగా, దారం మాదిరిగా, ఈల. ఉందని చెప్తే అంతా ఇప్పుతాడు, సాయంత్రం అవుతాది, నా బస్సు పోతాది. "బాగుంది" అని అరిచినా.

"సరిగ్గా విన్నావా? నా చేతికి అనుమానంగా ఉందే."

"నీ చేతికి నూనె అంటి తెలవడంలే. బాగుందంటి గదా. చెవులు నావా, నీవా?"

ఆయన ఇంజను ఆపి, "నీవేలే తల్లీ" అని నవ్వినాడు. చెయ్యి చెప్పింది పక్కన పెట్టి నా మాట నమ్మినాడు. నేను బస్సు ఎక్కినా. కూడికలో పాటలు పాడినా, అన్నం తిన్నా. రెండు రోజులకు తిరిగొచ్చేటప్పటికి అయ్యవారు బండి తీసుకొని పోయినాడు. ఆ తరవాత నెలరోజులుంది. ఏ పొద్దయినా చెప్పుండవచ్చు. ఏమవుతాదిలే అనుకున్నా.

నెలకు అయ్యవారు ఆ బండిని ఆటోలో వేసుకొని వచ్చినాడు. కొండ మలుపులో పొగ చిమ్మి ఆగిపోయిందంట. మధ్యాన్నం ఎండలో నీళ్ళు లేక మూడు గంటలు నడిచినాడంట. పెదాలు పగిలి ఉండాయి. దుకాణం ముందర పదిమంది గుమిగూడినారు. మా ఇంటాయన ఇంజను ఇప్పినాడు. పిస్టను రింగులు అరిగిపోయి ఉండాయి. గొట్టం తీసి వంచినాడు, చీలిక నోరు తెరిచింది. లోపలంతా ఎర్రదుమ్ము పట్టుకొని ఉంది. ఆ గొట్టం చూసినాడు, తల ఎత్తి నన్ను చూసినాడు. నేను టీ గ్లాసులు పట్టుకొని నిలబడి ఉండా. గ్లాసుల్లోకి చూసుకున్నా.

చెవిటోళ్ళకు మెల్లగా మాట్లాడడం తెలియదు. బజారంతా వినేటట్టు అన్నాడు: "నాదే తప్పు అయ్యవారూ. చూసుకోలేకపోయినా." తన చేత్తో కొత్త రింగులు వేసి, కొత్త గొట్టం వేసి ఇచ్చినాడు. అయ్యవారు ఏమీ అనలేదు. అన్నది జనం. "చెవిటి మెకానిక్కు కాడికి ఎవురు పోతారు" అన్నారు. ఒక్కొక్క బండే బస్టాండు పక్క దుకాణానికి మళ్ళింది. ఈ ఏడాది ఆయన చానా పొద్దులు ఊరికే స్టూలు మీద కూచొని పానాలు తుడుచుకున్నాడు. ఉన్న పానాలే, మళ్ళీ మళ్ళీ. వచ్చిన ఒకటో అరో బండికి మాత్రం, ముందు మాదిరే నా మొగం చూసి అడిగినాడు. నేను చెప్పింది నమ్మినాడు. ఆ రోజు సంగతి ఒక్కసారి ఎత్తలేదు. తిట్టింటే నేను బతికిపోయేదాన్ని.

క్షమించమని అడగాలనే అనుకున్నా. దేవునితో మోకాళ్ళ మీద చానాసార్లు చెప్పినా. దేవునికి మెల్లగా చెప్పినా వినబడతాది. ఈయనకు చెప్పాలంటే అరవాల. అరిస్తే టీకొట్టు వింటాది, గేటు కాడ ఆగిన జనం వింటారు. మెల్లగా చెప్పేదానికి ఆయనకు చెవులు లేవు, గట్టిగా చెప్పేదానికి నాకు మొగం లేకపాయ. రేపు చెప్దాం, రేపు చెప్దాం అని ఏడాది గడిపినా. మంగళవారంతో రేపులు అయిపోయినాయి.

ఇప్పుడు ఇంట్లో ఎంత మెల్లగా మాట్లాడినా చాలు. మాట్లాడేదానికి మనిషి లేడు. రోడ్డు మీద బండ్లు పోతాంటాయి. కొన్ని ఈల వేస్తాంటాయి. నాకు వినబడతాది. ఎవురికి చెప్పాల?

మెకానిక్ దానియేలు పని చెడగొట్టలేదు. ఆయన చెయ్యి చివరిదాకా నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది నా నోరు. సమాధి కాడ ఆ మాట అన్నాయనా, ఇంక అనాల్సి వస్తే నా పేరు చెప్పి అనండి. మార్తమ్మ అనండి. అట్లాంటి పనిమంతుడు ఈ పక్క మళ్ళీ వస్తాడేమో, నాకు తెలియదు. పెండ్లాం దోషాన్ని నెత్తికెత్తుకొని ఆ పెండ్లాం మాటనే మళ్ళీ నమ్మే మనిషి మాత్రం నాకు ఇంక దొరకడు. ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో దీన్ని పాస్టరయ్య చదువుతాడు. చర్చి లోపల చదివితే చాలదని చెప్పినా. మైకు బయటపెట్టి, రైల్వే గేటు దాకా వినబడేటట్టు చదవమని అడిగినా. సరే అన్నాడు.