తప్పు బ్రేకుదన్నారు

సౌదీలోని రాబిగ్‌లో ఒక తెలుగు ఇంజనీరు దగ్గర నేను తొమ్మిదేళ్లుగా డ్రైవరును. ఆయనకు కార్ల పిచ్చి. కిందటి చలికాలంలో వాళ్ల క్లబ్బు జెద్దా దగ్గర రేసు ట్రాక్‌ను ఒక రోజుకు అద్దెకు తీసుకుంటే నన్నూ వెంట తీసుకెళ్లారు. టైర్లలో గాలి, బ్రేకులు చూడటం, అందరికీ నీళ్లు అందించడం నా పని.

రెండో చుట్టులోనే ఆయన మలుపు మధ్యలో బ్రేకు బలంగా తొక్కారు. కారు గిర్రున తిరిగి పక్కనున్న ఇసుకలో కూరుకుపోయింది. దెబ్బేమీ తగల్లేదు. నడిచి వస్తూనే అందరి ముందూ నా మీద పడ్డారు.

“బ్రేకులు చూడమన్నాను కదా! ఏం చూశావ్?”

నాకు ఒళ్లు మండింది. “పొద్దున్నే చూసినా సార్. మలుపులో అట్ల తొక్కితే ఏ బండైనా తిరుగుతాది.”

“నాకే డ్రైవింగ్ నేర్పుతావా?”

అక్కడ శిక్షణ ఇచ్చే పాకిస్తానీ ఆయన కారును బయటకు లాగించి, తనే ఎక్కి మూడు చుట్లు తిరిగొచ్చాడు. “బ్రేక్ బిల్కుల్ ఠీక్ హై” అన్నాడు, బ్రేకులో ఏ లోపమూ లేదని. అందరూ విన్నారు, ఒక్కరూ నావైపు చూడలేదు. మా సారు “బిర్యానీ చల్లారిపోతోంది, రండి” అంటూ వాళ్లను తీసుకుపోయారు.

చక్రాల్లో ఇరుక్కున్న ఇసుకంతా నేనే కడిగాను. తిరుగు దారిలో ఆయన వెనక సీట్లో హాయిగా గురక పెట్టారు. నా చేతుల్లో ప్రాణం పెట్టి నిద్రపోవడానికి మాత్రం ఆయనకు ఏ అనుమానమూ రాలేదు.